బడిలో గొడవలకు కరాటే పనికొస్తుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

సాయంత్రం ఐదింటికి బడి గ్రౌండులో మా కరాటే క్లాసు. పిల్లల్ని దింపడానికి వచ్చిన అమ్మానాన్నలు గేటు దగ్గర ఆగి అడిగే ప్రశ్నలు పదిహేడేళ్లుగా ఇంచుమించు ఇవే. అక్కడ నిలబడి చెప్పే జవాబు ఎప్పుడూ సగంలోనే ఆగిపోతుంది. లోపల వార్మప్ అయిపోయి పిల్లలు ఒకర్నొకరు తోసుకోవడం మొదలుపెడతారు మరి. అందుకని తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను. నేను నేర్పేది షోటోకాన్ అనే శైలి కరాటే, విజయనగరంలో. నాకు కరాటే మీద ఇష్టం ఉంది, ఫీజు కూడా తీసుకుంటాను. ఆ రెండూ లెక్కలో వేసుకుని చదవండి.

సూటిగా చెప్పండి మాస్టారూ. బడిలో ఎవడైనా మీద పడితే కరాటే పనికొస్తుందా?

కొంత పనికొస్తుంది. ఏ కొంత అన్నదే అసలు సంగతి.

బడిలో గొడవ ఎలా ఉంటుందో మీరు చదువుకున్న రోజులు గుర్తు తెచ్చుకోండి. ఎవడూ పది అడుగుల దూరంలో నిలబడి పిడికిళ్లు బిగించి రాడు. కాలర్ పట్టుకుంటాడు. గోడకేసి నెడతాడు. మెడ చుట్టూ చెయ్యి వేసి వంచేస్తాడు. బ్యాగు లాగుతాడు, జుట్టు పట్టుకుంటాడు. అంతా చెయ్యి అందేంత దగ్గర్లో, బెంచీల మధ్యో, సైకిల్ స్టాండులోనో, బాత్రూముల దగ్గరో జరిగిపోతుంది. అక్కడ తలెత్తుకు లేచే కిక్కుకి చోటే ఉండదు.

పట్టు విడిపించుకోవడం, పడినా దెబ్బ తగలకుండా పడటం, గొంతు చించుకుని అరవడం, అక్కడి నుంచి బయటపడటం. ఈ నాలుగూ ఉన్న క్లాసైతే పనికొస్తుంది. ఇవి లేకపోతే అది మంచి ఎక్సర్‌సైజు, అంతవరకే.

క్లాసులో చూస్తే అంతా వరసలో నిలబడి గాల్లో గుద్దడమే కనిపిస్తుంది. ఎందుకలా?

మన ఊరి మాస్టర్లు చెడగొట్టారనుకోకండి. దీనికి వందేళ్లు దాటిన కథ ఉంది.

కరాటే పుట్టిల్లు జపాన్‌కి దక్షిణాన ఉన్న ఒకినావా దీవులు. గురువుగారు తన పెరట్లో ఒకరికో ఇద్దరికో నేర్పే విద్య అది. 1901లో ఆంకో ఇతోసు అనే గురువు దాన్ని అక్కడి షురి అనే ఊళ్లోని ఒక ప్రాథమిక పాఠశాలలోకి తెచ్చాడు. బడి అంటే మీకు తెలుసు: ఎదురుగా గుంపుగా పిల్లలు, నేర్పేవాడు ఒక్కడు. కీళ్లు మెలిపెట్టడం, గొంతు మీద కొట్టడం లాంటివి వాళ్ల చేతిలో పెడితే మర్నాడు బడి ఉండదు. అందుకని ప్రమాదమైనవి పక్కన పెట్టి, అంకెలు లెక్కపెడుతూ చేయించే డ్రిల్లులా దాన్ని తీర్చాడు. కటా అంటే ఒంటరిగా, వరస తప్పకుండా చేసే కదలికల గొలుసు. పాత కటాల్లోంచి ముక్కలు ఏరి, పినాన్ అని ఐదు కటాలు కూర్చాడు. 1908లో విద్యాశాఖకి పది అంశాలతో ఒక లేఖ కూడా రాశాడు. పిల్లల ఒళ్లు గట్టిపడుతుంది, రేపు సైన్యంలో పనికొస్తారు అన్నది అందులో ఒక వాదన.

ఆయన దగ్గర నేర్చుకున్న గిచిన్ ఫునకోషి కూడా బడిపంతులే. 1922లో టోక్యో వెళ్లి ప్రదర్శన ఇచ్చి, అక్కడే ఉండి నేర్పాడు. పినాన్ పేరు మార్చి హెయాన్ అన్నాడు. మీ పిల్లలు తెల్లబెల్టుతో మొదట నేర్చుకునే హెయాన్ షోదాన్ ఆ కుదురులోదే.

కాబట్టి బడి కరాటే పుట్టుకతోనే పీటీ క్లాసు. దాన్ని చూపించి "ఆత్మరక్షణ గ్యారంటీ" అని బోర్డు రాసుకోవడం మాత్రం మనవాళ్ల సొంత తెలివి.

మా గుంటడికి గ్రీన్ బెల్టు. ఐనా తొమ్మిదో తరగతి వాడి చేతిలో తన్నులు తినొచ్చాడు. తప్పెక్కడ జరిగింది?

తప్పు నేర్పినవాళ్లది. నేనూ చేసిన తప్పే కనుక మొహమాటం లేకుండా చెప్పగలను.

చాలా ఏళ్ల కిందట మా క్లాసులో ఒక కుర్రాడు ఉండేవాడు. కటాలో వాడికి మెడల్ వచ్చింది. ఒకరోజు చొక్కా జేబు చిరిగి, పెదవి వాచి వచ్చాడు. ఏమైందంటే, "స్టాన్స్ వేసేలోపే పట్టేసుకున్నాడు సార్" అన్నాడు. సరే చూద్దామని మా సీనియర్ ఒకణ్ణి వాడి కాలర్ పట్టుకోమన్నాను. వాడు కదల్లేదు. రెండు పిడికిళ్లూ నడుం దగ్గరికి లాక్కుని, వీపు నిటారుగా పెట్టి, అలా నిలబడిపోయాడు. అచ్చం నేను నేర్పినట్టే నిలబడ్డాడు! మొహం దగ్గర ఒక్క చెయ్యి కూడా లేదు. నాలుగేళ్లు నా దగ్గర ఉన్నాడు, ఆ నాలుగేళ్లలో వాడి కాలర్ ఒక్కసారి కూడా ఎవరూ పట్టుకోలేదు.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి క్లాసు చివరి పావుగంట పట్టుకోవడాలకీ విడిపించుకోవడాలకీ కేటాయించాను. డ్రెస్సులు చిరుగుతున్నాయని ఇద్దరు ముగ్గురు తల్లులు అడిగారు కూడా.

అంటే కటా దండగా?

కాదు. హెయాన్ షోదాన్‌లో నాలుగో కదలిక చూడండి. కుడిచేత్తో కిందికి బ్లాక్ చేశాక, ఆ చేతిని వెనక్కి లాగి, గుండ్రంగా తలమీదుగా తిప్పి పిడికిలితో సుత్తిలా కొడతారు. పిల్లలు దాన్ని వేలసార్లు చేస్తారు. ఎందుకని అడిగితే "అది అలాగే ఉంది సార్" అంటారు. మణికట్టు పట్టుకున్నవాడి చేతిలోంచి విడిపించుకోవడమే అదని ఎక్కువమంది మాస్టర్లు వివరిస్తారు. ఒక్కసారి మణికట్టు పట్టుకుని ఆ కదలిక చేయించండి, పిల్లల మొహాలు వెలిగిపోతాయి. విద్య కటాలో ఉంది, పట్టుకునేవాడే క్లాసులో లేడు.

ఆ మణికట్టు విడిపించుకోవడం మాకూ చూపిస్తారా?

ఇంట్లో ఎవరినైనా మీ కుడి మణికట్టు పట్టుకోమనండి. వాళ్ల చెయ్యి చూడండి. నాలుగు వేళ్లు ఒక వైపు నుంచి, బొటనవేలు ఇంకో వైపు నుంచి వచ్చి కలుస్తాయి. ఆ కలిసే చోటే సందు. భయంతో చెయ్యి వెనక్కి లాగుతాం కదా, అప్పుడు నాలుగు వేళ్లతోనూ పోట్లాడుతున్నట్టు. అలా లాగకండి.

మీ మణికట్టులో బొటనవేలి వైపు ఉండే సన్నటి అంచుని ఆ సందుకేసి తిప్పండి. అర అడుగు ముందుకి జరిగి, మీ మోచేతిని వాళ్ల మోచేతికేసి నెట్టండి. అదే ఊపులో మీ చేతిని మీ చెవి దగ్గరికి తెచ్చుకోండి, తల దువ్వుకోబోతున్నట్టు. ఊడివస్తుంది. రెండు చేతులతో పట్టుకుంటే, మీ రెండో చేత్తో మీ పిడికిలినే అందుకుని అదే దారిలో పైకి లాగాలి. విడిపించుకున్నాక అక్కడే నిలబడి గొప్పగా చూడకూడదు. రెండడుగులు వెనక్కి, ఆపైన జనం ఉన్న వైపుకి.

పదేళ్ల పిల్ల చేతిని బలమైన పెద్దవాడు పట్టుకుంటే ఇది ఒక్కటే చాలకపోవచ్చు. దీనితోపాటు అరుపు ఉండాలి. పిల్లలకి ఇది కూడా చెప్పే నేర్పాలి, లేకపోతే మంత్రమనుకుంటారు.

మరి జుట్టు పట్టుకుంటే? మెడ వంచేస్తే?

జుట్టు పట్టుకున్నప్పుడు వెనక్కి లాగితే జుట్టే ఊడుతుంది. రెండు చేతులతో వాడి చేతిని మీ తలకే గట్టిగా అదిమిపెట్టాలి. నొప్పి సగం తగ్గుతుంది, వాడి చెయ్యి కదలదు. అప్పుడు వాడివైపే అడుగు వేసి వేళ్లు విప్పే ప్రయత్నం. మెడ చంకలో ఇరికితే ముందు గడ్డాన్ని వాడి మోచేతి మడతవైపు తిప్పి ఊపిరికి దారి చేసుకోవాలి. మిగతావి చదివి నేర్చుకునేవి కావు, ఎదురుగా మనిషి ఉండాలి.

కరాటే, టైక్వాండో, జూడో, బాక్సింగ్, కుస్తీ. ఏది మేలు?

నా షాపు సరుకే మంచిదని చెప్పాలి గానీ, నిజం చెప్పేస్తాను. బడి వయసులో, బడి గొడవలకి, జూడో లేదా కుస్తీ నేర్చుకున్న పిల్లలు ముందుంటారు.

కారణం జిగోరో కానో దగ్గర దొరుకుతుంది. ఆయన 1882లో టోక్యోలో కొదోకాన్ పెట్టి జూడో మొదలుపెట్టాడు. జుజుత్సు అనే పాత జపాన్ పోరాట విద్యలోంచి అవతలివాడి కీలు విరిచేవీ, ప్రాణం మీదికి తెచ్చేవీ పోటీలోంచి తీసేశాడు. ఇతోసు కూడా తీసేశాడు కదా, తేడా ఏమిటంటారా? ఇతోసు తీసేశాక మిగిలినదాన్ని పిల్లలు గాల్లో చేశారు. కానో తీసేశాక మిగిలినదాన్ని పిల్లలు ఒకరి మీద ఒకరు పూర్తి బలంతో చేశారు. పట్టుకుంటే ఎలా ఉంటుంది, మనకంటే బరువైనవాడు ఈడిస్తే ఎలా ఉంటుంది, కిందపడి లేవడం ఎలా అన్నది జూడో పిల్లలకి రోజూ అనుభవమే. ఒకణ్ణి కొట్టకుండా, రక్తం రాకుండా అదిమి ఉంచగలగడం బడిలో ఎంత విలువైనదో హెడ్‌మాస్టర్ గదిలో నిలబడ్డప్పుడు తెలుస్తుంది. చిక్కల్లా జూడో నేర్పే చోట్లు మన దగ్గర తక్కువ. మ్యాట్లు కావాలి, అవి ఖరీదు.

కుస్తీ మనకి కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసినవాడే. హైదరాబాద్ పాతబస్తీలో, బార్కస్‌లో కుస్తీ నేర్పే తాలీంలు ఉన్నాయి. దగ్గర్లో ఉంటే పంపండి.

టైక్వాండో పిల్లల కాళ్లు బాగా ఆడతాయి, దూరం అంచనా బాగుంటుంది. కానీ పోటీ రూల్స్‌లో మొహం మీద గుద్దడం ఉండదు, పట్టుకుని పడేయడం ఉండదు. దాంతో చేతులు కిందికి వేలాడేసే అలవాటు వస్తుంది. బాక్సింగ్ వల్ల దెబ్బకి కళ్లు మూసుకోకుండా ఉండటం వస్తుంది, అది చిన్న విషయం కాదు. ఐతే గ్లవ్స్ లేని పిడికిలితో ఒకడి నుదుటి మీద గుద్దితే మన చేతి ఎముకే విరగొచ్చు. పైగా పిల్లల తలకి దెబ్బలు తగిలే ఆట నాకు ఇష్టం లేదు. కర్రసాము చూడముచ్చటగా ఉంటుంది, చేతివాటం వస్తుంది, కానీ బడికి కర్ర పట్టుకెళ్లలేరు. క్రావ్ మగా అనే ఇజ్రాయెల్ ఆత్మరక్షణ విద్య పేరుతో ఆదివారం ఒక్క పూట వర్క్‌షాపులు పెడతారు. ఒక్క పూటలో ఏ విద్యా ఒంటికి పట్టదు.

ఇవేవీ దొరకని ఊళ్లో ఉన్నారా? కబడ్డీ ఆడించండి. వెటకారం కాదు. ఐదుగురు కలిసి కాలూ నడుమూ పట్టుకుంటే, ఊపిరి బిగబట్టి, గీత వైపుకి ఒళ్లు ఈడ్చుకుంటూ వెళ్లడం కంటే దగ్గరి సాధన ఇంకేముంటుంది? అక్కడ గెలుపంటే బయటపడి ఇవతలికి రావడమే.

ఊళ్లో మూడు కరాటే క్లాసులున్నాయి. ఏది మంచిదో ఎలా తెలుస్తుంది?

గోడ మీద ఫొటోలు, షీల్డులు చూడకండి. ఒక సాయంత్రం పూర్తిగా కూర్చుని క్లాసు చూడండి. చూడనివ్వకపోతే అక్కడికక్కడే లేచి వచ్చేయండి.

పిల్లలు ఒకర్నొకరు ముట్టుకుంటున్నారా? జోడీలు మారుతున్నాయా, లేక రోజూ అదే స్నేహితుడితోనేనా? ఎదుటివాడు నిజంగా అడ్డుకుంటున్నాడా, లేక చెయ్యి వేయగానే సినిమాలో ఫైటర్‌లా తనే ఎగిరి పడుతున్నాడా? కింద ఏముంది, మ్యాటా, మట్టా, సిమెంటా? సిమెంటు మీద పడటం నేర్పే మాస్టర్ దగ్గర పిల్లల్ని వదలొద్దు. ఏడ్చిన పిల్లాడితో మాస్టర్ ఎలా మాట్లాడాడో చూడండి, మిగతా అన్నిటికంటే అది ఎక్కువ చెబుతుంది.

గ్రేడింగ్ ఫీజుల సంగతి ముందే అడగండి. మూడు నెలలకో బెల్టు చొప్పున ఏడాదిన్నరలో బ్లాక్ బెల్టు ఇస్తామంటే అది రంగుల వ్యాపారం. వారానికి మూడు రోజులు క్రమంగా వచ్చే పిల్లాడికి నాలుగైదేళ్లు పట్టడం మామూలు.

పడటం కూడా నేర్చుకోవాలా?

అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది అదే. గుద్దు తిన్నవాడికి పెదవి వాస్తుంది, రెండు రోజుల్లో తగ్గుతుంది. తోసేస్తే వెనక్కి పడి తల మెట్టుకి కొట్టుకున్నవాడి సంగతి అలా కాదు. వెనక్కి పడుతున్నప్పుడు గడ్డం ఛాతీకి ఆనించాలి, బొడ్డు చూసుకుంటున్నట్టు. మోకాళ్లు మడిచి పిర్రల మీద కూలబడి వీపు గుండ్రం చేయాలి. చేతులు వెనక్కి పెట్టి ఆపుకోకూడదు, మణికట్టు విరుగుతుంది. అరచేతులతో పక్కలకి నేలని చరచాలి. మా క్లాసుకి వచ్చి మూడు నెలలకే మానేసినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒకడు బైకు మీంచి పడ్డప్పుడు ఇది పనికొచ్చిందని పెళ్లిలో కనిపించి చెప్పాడు. గొడవల్లో పనికొచ్చిందని చెప్పినవాళ్లకంటే ఇలా చెప్పినవాళ్లే ఎక్కువ.

నలుగురు కలిసి వస్తే?

పరుగు. బ్యాగు వదిలేసైనా సరే. కత్తో బ్లేడో కనిపించినా ఇదే జవాబు. పుస్తకాలు మళ్లీ కొనుక్కోవచ్చు.

వాడు కొడితే తిరిగి కొట్టొచ్చా? కేసవుతుందా?

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 35 తన ఒంటిని, ఇంకొకరి ఒంటిని కాపాడుకునే హక్కు ఇస్తుంది. దాని హద్దు సెక్షన్ 37లో ఉంది: కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదు. వాడు కాలర్ వదిలేశాక వెళ్లిపోతున్నవాణ్ణి వెనక నుంచి తన్నితే అది కాపాడుకోవడం కిందికి రాదు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే విషయం జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకి వెళ్తుంది.

కానీ నిజానికి కేసు దాకా వచ్చేవి చాలా కొద్ది. మీ వాణ్ణి ఎదురుచూసేది హెడ్‌మాస్టర్ గది. అక్కడ "ఎవరు మొదలుపెట్టారు" కంటే "ఎవరికి దెబ్బ కనిపిస్తోంది" అన్నదే ఎక్కువ నడుస్తుంది. పైగా కరాటే నేర్చుకున్నవాడంటే తప్పు ముందే వాడి నెత్తిన పడుతుంది. అందుకే మా పిల్లలకి ఒకటి అలవాటు చేస్తాను. ఎవడైనా మీదికొస్తే రెండు అరచేతులూ విప్పి ఛాతీ ఎత్తులో ముందుకి పెట్టి, "నాకు గొడవొద్దు, వెనక్కి వెళ్లు" అని అందరికీ వినపడేలా అనాలి. చేతులు మొహానికి అడ్డంగా సిద్ధంగా ఉంటాయి. చూసేవాళ్లకి మాత్రం వీడు వద్దంటున్నాడనే కనిపిస్తుంది, రేపు సాక్ష్యమూ అదే చెబుతారు. కరాటేలో మొదటి దెబ్బ ఉండదని ఫునకోషి అన్నమాట మా గోడ మీద రాసి ఉంది. పిల్లలకి ఆ గోడకంటే ఈ అరచేతులే ఎక్కువ గుర్తుంటాయి.

మా అమ్మాయికి బస్సులో ఇబ్బంది. ఏం నేర్పించాలి?

ముందు గొంతు. కరాటేలో దెబ్బతోపాటు వేసే కేకని కియాయ్ అంటారు. ఆడపిల్లలు మొదటి నెల దాన్ని నోట్లోనే మింగేస్తారు. ఇంట్లో "గట్టిగా మాట్లాడకు" అని పదేళ్లు నేర్పాం కదా, అది వదిలించడానికి నాకు ఇంకో ఆరు నెలలు పడుతుంది. బస్సులో వెనక నుంచి చెయ్యి వేసినవాడికి పంచ్ కంటే "చెయ్యి తీయ్!" అన్న కేకంటేనే భయం. మోచెయ్యి వెనక్కి విసరడం, మడమతో పాదం తొక్కడం నేర్పుతాం. ఇరుకులో పనికొచ్చేవి అవే.

ప్రభుత్వ బడుల్లో ఆరు నుంచి పన్నెండో తరగతి ఆడపిల్లలకి సమగ్ర శిక్ష పథకం కింద రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్ పేరుతో మూడు నెలల శిక్షణ ఉంది. మీ బడిలో ఈ ఏడు జరిగిందా అని అడగండి, అడిగితేనే కదులుతాయి కొన్ని. తెలంగాణలో 2014 నుంచి షీ టీమ్స్ ఉన్నాయి, ఆడవాళ్లని వేధించేవాళ్లని పట్టుకునే పోలీసు బృందాలు. ఎక్కడైనా 112కి ఫోన్ చేయొచ్చు. పిల్లలకి ప్రత్యేకంగా 1098 ఉంది.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. తాకినవాడు టీచరైనా, బంధువైనా, కరాటే మాస్టరైనా, అది పిల్లే తేల్చుకోవాల్సిన గొడవ కాదు. పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ఉన్నది అందుకే. "కరాటే నేర్చుకున్నావుగా, ఎందుకు కొట్టలేదు?" అని మాత్రం ఎప్పుడూ అడగొద్దు.

కొట్టరు, కానీ పేర్లు పెట్టి ఏడిపిస్తారు. వాట్సాప్‌లో వీడియోలు పెడతారు. కరాటే చేర్పిస్తే తగ్గుతుందా?

వీడియోకి బ్లాక్ లేదు. ఇందులో నా విద్య పనికిరాదు. స్క్రీన్‌షాట్లు దాచండి. తేదీ, చోటు, ఎవరు, ఎవరు చూశారు అన్నది ఒక నోట్‌బుక్కులో రాయించండి. క్లాస్ టీచర్‌కి నోటితో చెప్పి ఊరుకోకుండా, కాగితం మీద రాసిచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. సంతకం అడగ్గానే విషయం కదిలిన బడులు నాకు తెలుసు. ఇంటర్ కాలేజీలోనో హాస్టల్లోనో సీనియర్ల వేధింపైతే 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది.

ఐతే ఒక్క లాభం చూశాను. సాయంత్రం వేరే స్నేహితులు దొరుకుతారు. బడిలో ఒంటరిగా ఉండే పిల్లకి ఇక్కడ ఎనిమిదిమంది పేరుపెట్టి పిలిచేవాళ్లుంటే, పగటి పూట మాటలు అంత లోతుగా దిగవు.

సారే కొడితే?

దానికి కరాటే ఎందుకు? 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 శారీరక శిక్షనీ మానసిక వేధింపునీ నిషేధించింది. మీరు వెళ్లి మాట్లాడండి. ఇదే మాట కరాటే క్లాసులో కర్ర పట్టుకునే మాస్టర్లకీ చెప్పండి. దెబ్బలతో క్రమశిక్షణ వస్తుందని ఇంకా నమ్మేవాళ్లు మాలో తక్కువమంది లేరు.

నేర్చుకుని మా వాడే రౌడీలా తయారవుతాడేమో?

మొదటి రెండు నెలలు జాగ్రత్తగా చూడండి. కొత్తగా కిక్కు నేర్చుకున్నవాడు చెల్లెలి మీదో తలుపు మీదో ప్రయత్నిస్తాడు, ఖాయం. తర్వాత క్లాసులో తనకంటే చిన్నది వీణ్ణి ఈడ్చి పడేశాక కాస్త నిమ్మళిస్తాడు. దెబ్బ తినని చోట నేర్చుకున్నవాడికే పొగరు ఎక్కువ.

ఒకవేళ బడిలో ఏడిపించేవాడు మీవాడే ఐతే, చేర్చేముందు నాకు చెప్పండి. దాచకండి. అలాంటివాళ్లని కూడా తీసుకుంటాను, కానీ ఆరు నెలలు పట్లూ పడటాలే తప్ప గుద్దులు నేర్పను.

ఏ వయసులో చేర్చాలి? యూట్యూబ్ చూసి నేర్చుకోకూడదా?

ఏడేళ్లకి ముందు తొందర లేదు. అప్పటిదాకా దొర్లడం, దూకడం, పరిగెత్తడం చాలు. పదో తరగతిలో మొదలుపెట్టినా ఆలస్యం కాదు, కానీ పరీక్షల ముందు మానేస్తారు, జూన్‌లో మళ్లీ తెల్లబెల్టు కట్టుకోవడానికి సిగ్గుపడి రారు. యూట్యూబ్‌లో కటా క్రమం గుర్తు చేసుకోవచ్చు. మణికట్టు పట్టుకునేవాడు యూట్యూబ్‌లోంచి బయటికి రాడు కదా.

తలకి దెబ్బ తగిలింది, కానీ బాగానే ఉన్నానంటున్నాడు. క్లాసుకి పంపొచ్చా?

వద్దు. ఆ రోజు ఆటలన్నీ బంద్. వాంతి, తగ్గని తలనొప్పి, మగతగా ఉండటం, మాట తడబడటం, అడిగిందే మళ్లీ అడగటం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏవీ లేకపోయినా డాక్టరుకి చూపించి, ఆయన సరేనన్నాకే పంపండి. పోటీ దగ్గరపడిందని నేను అడిగినా పంపొద్దు.

భయంగా ఉంది మాస్టారూ. బెల్టు వస్తే భయం పోతుందా? (ఇది ఆరో తరగతి పాప అడిగింది.)

పోదు తల్లీ. నాకూ ఉంది. కాలర్ పట్టుకోగానే గుండె దడదడా కొట్టుకుంటుంది, కాళ్లు వణుకుతాయి. మొదటిసారి అలా ఐతే ఏం చేయాలో తోచదు. మన క్లాసులో ఇరవయ్యోసారి పట్టుకున్నప్పుడు కూడా దడ అలాగే ఉంటుంది, కానీ చేతులు వాటంతటవే పైకి లేస్తాయి. బుధవారం నీ కాలర్ నేను పట్టుకుంటాను, చూద్దువుగాని.

మొదటి రోజు ఏం తెచ్చుకోవాలి?

వాటర్ బాటిల్. గోళ్లు కత్తిరించుకుని రావాలి. వాచీ, గొలుసు, చెవి రింగులు ఇంట్లో పెట్టి రావాలి. తెల్ల డ్రెస్సు అప్పుడే కొనొద్దు, నెల రోజులు వచ్చాక చూద్దాం. అప్పటిదాకా పాత టీషర్టు చాలు. కాలర్ ఉన్నదైతే మంచిది, ఎలాగూ లాగుతాం.